కార్ఖానా బందున్న రోజు సైకిళ్ళ లెక్క

నేను వేయించిన రోడ్లలో సగానికి పైగా ఇప్పుడు లేవు. కొన్నిటి మీద కొత్త రోడ్లు వచ్చాయి, కొన్నిటిని మంచినీళ్ళ పైపుల కోసం తవ్వి అట్లాగే వదిలేశారు. నేను కట్టించిన మురుగు మోరీలు చాలావరకు పూడిపోయాయి. మున్సిపాలిటీల్లో ఇంజనీరుగా బతుకంతా గడిపిన మనిషికి చివరికి మిగిలేది అంతే. దాని గురించి నాకు పెద్ద బాధ లేదు. నా పనుల్లో చెక్కుచెదరకుండా నిలబడింది ఒక్కటి ఉంది. అది ఒక కాగితం. ఒక్క పేజీ, అదీ సగమే నిండింది. దాని కింద నా సంతకం ఉంది.

ఈ శాఖలో కొత్తగా చేరుతున్న పిల్లలకు ఆ కాగితం సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. లంచాల గురించి మీరు విని ఉంటారు, మీ జాగ్రత్తలో మీరు ఉంటారు. ఇది లంచం కథ కాదు. ఆ కాగితం కోసం నేనొక్క రూపాయి తీసుకోలేదు. నన్నెవరూ బెదిరించలేదు కూడా. బెదిరించి ఉంటే ఈపాటికి నన్ను నేను క్షమించుకుని ఉండేవాణ్ణి.

ఊరి పేరు రాయను. నిజామాబాద్ నుంచి బోధన్ వైపు, చెరకు పల్లెల నడుమ ఉన్న ఒక చిన్న మున్సిపాలిటీ అనుకోండి. నా కుటుంబం నిజామాబాద్‌లో ఉండేది. నేను రోజూ బస్సులో వెళ్ళి వచ్చేవాణ్ణి. పొద్దున పదిన్నరకు దిగేవాణ్ణి, సాయంత్రం అయిదున్నర బస్సుకు తిరిగి ఎక్కేవాణ్ణి. ఈ వేళలు కొంచెం గుర్తుంచుకోండి. నాలుగేళ్ళు పనిచేసినా, ఒక్క రోజు తప్ప పదిన్నరకు ముందు ఆ ఊరు ఎట్లా ఉంటుందో నేను చూడలేదు.

ఆ ఊళ్ళో పెద్ద రోడ్డు ఒకటే. దాన్ని ఫ్యాక్టరీ రోడ్డు అనేవాళ్ళు. ఒక కొసన మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లు, వాటి వెనక బీడీ కార్మికుల కాలనీలు. రెండో కొసన బీడీ కార్ఖానాలు, రైసు మిల్లులు, మార్కెట్ యార్డు. పని చేసేవాళ్ళు ఒక కొసన, పని ఇంకో కొసన. నడుమ అంతా దుకాణాలు. దుకాణాల మెట్లు మోరీని దాటి రోడ్డు మీదికి వచ్చాయి. మెట్ల ముందు కార్లు, మోటారు సైకిళ్ళు. వాటి పక్కన మిగిలిన తారు మీద లారీలు, ఆర్టీసీ బస్సులు, సీజన్‌లో చెరకు ట్రాలీలు. ఆ ట్రాలీలకూ ఆ కార్లకూ మధ్య సందులో సైకిళ్ళు.

ఆ రోజుల్లో నా దగ్గర వర్క్ ఇన్‌స్పెక్టరుగా ఒక పెద్దాయన ఉండేవాడు. ఆఫీసులో అందరికీ ఆయన చాచా. రోజు కూలీగా చేరి, పర్మినెంటై, నాలాంటి ఇంజనీర్లను పది మందిని చూసినవాడు. ఊళ్ళో ఏ మ్యాన్‌హోల్ ఎక్కడుందో కాగితం చూడకుండా చెప్పేవాడు. ఒక నల్ల సైకిలు, దాని బార్‌కు కట్టిన గోనె సంచి, సంచిలో టేపు. మోటారు సైకిలు కొనుక్కోమని మేమంతా వేళాకోళం చేస్తే, గంత జోరుల పోతే మోరీలు కనవడయి సాబ్ అనేవాడు.

ఇక రెండో మనిషి. చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ల దగ్గర ఫిట్టరుగా పనిచేసి, అది మూతపడ్డాక పంపు సెట్లు బాగుచేసుకుంటూ బతుకుతున్నవాడు. ఊరందరికీ ఫిట్టర్ సాబే. ప్రతి సోమవారం ఆఫీసులో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఒక దరఖాస్తు తెచ్చేవాడు. గీతలు గీసిన కాగితం, గుండ్రటి అక్షరాలు, కింద చేత్తో వేసిన రోడ్డు బొమ్మ. అడిగేది ఒక్కటే. ఫ్యాక్టరీ రోడ్డుకు ఒక పక్క ఆరడుగులు సైకిళ్ళకు విడిగా కావాలి, దానికీ లారీలకూ నడుమ ఒక చిన్న గట్టు కావాలి. ఆయన భార్య బీడీలు చుట్టేది. చుట్టిన బీడీల కట్టలు సైకిలు క్యారియర్‌కు కట్టుకుని పొద్దున్నే కార్ఖానాకు వెళ్ళి అప్పజెప్పి, మళ్ళీ ఆకు, తంబాకు తెచ్చుకునేది. ఆ కాలనీల్లో చాలామంది ఆడవాళ్ళది అదే పని, అదే దారి. రెండుసార్లు పడిందట. రెండోసారి పడ్డప్పుడు వెనక వస్తున్న లారీ ఆమె చేతి పక్క నుంచి పోయిందట. ఈ మాట దరఖాస్తులో రాయలేదు. చాచా చెబితే తెలిసింది. నేను ఆ దరఖాస్తులన్నిటి మీదా 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఫైల్లో పెట్టేవాణ్ణి.

అట్లాంటప్పుడు పై నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ప్రతి పట్టణంలో ఒక సైకిల్ ట్రాక్ వేయాలి, దానికి నిధులు ఇస్తాం, ఏ రోడ్డు మీద వేయాలో సైకిళ్ళ రాకపోకలు లెక్క తీసి తేల్చండి అని. ఆ సంగతి నాకంటే ముందు ఫిట్టర్‌కు ఎట్లా తెలిసిందో గానీ, ఆ సోమవారం దరఖాస్తు లేకుండా వచ్చాడు.

"సారూ, ఈసారి కాయిదం ఇస్తలేను. ఒక్క దినం పొద్దుగాల ఆరింటికి మా రోడ్డు మీద నిలబడు. గంతే. నిలబడ్డంక నీకు ఏది కనవడితే గది రాయి."

అడిగిన తీరు నచ్చింది. ఆ గురువారం మొదటి బస్సెక్కి వెళ్ళాను. చాచా అప్పటికే ఒక హోటల్ ముందు బల్ల వేయించి కూర్చున్నాడు. పోయేవి ఆయన రాయాలి, వచ్చేవి నేను. పద్ధతి మీకు తెలిసిందే. ఒక్కో సైకిలుకు ఒక నిలువు గీత, నాలుగు గీతల తర్వాత అయిదోది అడ్డంగా.

పావు గంటలో నా చేయి నొప్పి పుట్టింది. రైసు మిల్లుల హమాలీలు. క్యాన్లు వేలాడేసుకున్న పాలవాళ్ళు. సరిహద్దు ఊళ్ళ నుంచి కూరగాయల గంపలతో మరాఠీలో అరుచుకుంటూ వచ్చేవాళ్ళు. ఇద్దరేసి కూర్చున్న హైస్కూలు ఆడపిల్లలు. అన్నిటికంటే ఎక్కువ బీడీల ఆడవాళ్ళు. క్యారియర్ మీద పాత చీర ముక్కలో చుట్టిన కట్టలు, ఒంగకుండా నిటారుగా కూర్చుని, ఎడమ పక్క కార్ల అద్దాలు తగలకుండా, కుడి పక్క లారీ గాలికి ఊగకుండా పోతున్నారు. నాలుగేళ్ళు నేను పనిచేసిన ఊరు అది. నేను దిగే వేళకు వీళ్ళంతా పనుల్లో దూరిపోయి ఉండేవాళ్ళు. నేను ఎక్కే వేళకు ఇంకా బయటికి వచ్చేవాళ్ళు కాదు.

దుకాణాలు మొదలయ్యే చోట కొందరు దిగి సైకిలు నడిపించుకుంటూ పోతున్నారు. వీటిని లెక్కలో రాయాలా వద్దా అని అడిగాను. రూల్ ప్రకారం నడిచేవాడు పాదచారి.

"భయానికి దిగినోళ్ళు సాబ్ వాళ్ళు," అన్నాడు చాచా పెన్సిల్ ఆపకుండా. "సైకిల్ లేక దిగలె. రాయండ్రి."

రాశాను. పది గంటలకు చూసుకుంటే ఆరు పేజీలు నిండాయి. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, న్యూస్ పేపరు అంచు మీద ఆ రోడ్డు అడ్డుకోత బొమ్మ గీశాను. మెట్లు మోరీ దాకా తీసేస్తే ఆరడుగులు సులువుగా వస్తాయి. పక్కన కూర్చున్న పెద్దమనిషి ఇల్లు కడుతున్నవా అని అడిగితే, కాదు, రోడ్డు అన్నాను. సర్వీసులో అంత ఇష్టంగా నేను గీసిన బొమ్మ ఇంకోటి లేదు.

ఆ వార్డు కౌన్సిలర్ సీటు ఆడవాళ్ళది. గెలిచింది ఒకామె, సీట్లో కూర్చునేది ఆమె భర్త. ఎన్నికల ముందు దాకా ఆమె కూడా బీడీలు చుట్టిన మనిషే. గెలిచాక సంతకం పెట్టే రోజు తప్ప ఆఫీసుకు వచ్చేది కాదు. ఆయన్నే అందరూ కౌన్సిలర్ సాబ్ అనేవాళ్ళు, నేనూ అన్నాను. చెడ్డవాడని చెప్పను. ఎవరికి ఆస్పత్రి పని పడినా ముందుండేవాడు. ఫ్యాక్టరీ రోడ్డు మీద ఆయనకు రెండు షట్టర్లు ఉండేవి. మిగతా దుకాణాల వాళ్ళు ఎన్నికలో ఆయనకు అండగా నిలబడ్డవాళ్ళు. ఆయన వచ్చి చాయ్ తాగుతూ నా ఆరు పేజీలు తిరగేశాడు. కోపం రాలేదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"గింత మంది ఉన్నరా సారూ? ఉంటే ఉండచ్చు. కానీ ఒకటి చెప్త యిను. సైకిలోళ్ళు ఓటేసి సైకిలెక్కి పోతరు. దుకాణపోళ్ళు పొద్దంత నా ముంగట కూసుంటరు."

చిన్న ఊళ్ళ రాజకీయం గురించి నేను తర్వాత చాలా విన్నాను, చాలా చదివాను. ఇంత సూటిగా చెప్పినవాళ్ళు లేరు. పొద్దంతా ఎవరు ఎదురుగా కూర్చుంటారో ఊరు వాళ్ళదే. ఉదయం ఆరింటికి కనబడి ఏడింటికి మాయమయ్యేవాళ్ళు ఓటర్ల జాబితాలో ఉంటారు, ఊళ్ళో ఉండరు.

పార్కు రోడ్డు ఖాళీగానే ఉంది కదా, ట్రాక్ అక్కడ వేస్తే చూసేవాళ్ళకూ బాగుంటుంది, ఫ్యాక్టరీ రోడ్డు మీద ఇంకోసారి లెక్క తీయరాదా అన్నాడాయన. అంతే. లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, నిజామాబాద్ బదిలీ కోసం తిరుగుతున్నవట గదా సారూ అని అడిగాడు. ఇంకేమీ అనలేదు. అది బేరమో, ఉత్త పలకరింపో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని నేనూ ప్రయత్నించలేదు. నాకు కావలసిన అర్థం నేను తీసుకున్నాను.

ఇక్కడి నుంచి జరిగిందంతా నా తెలివి. ఆయనకు అంత తెలియదు, అడగనూ లేదు.

తునికాకు సరిగా రాక ఆ నెలల్లో బీడీ కార్ఖానాలు వారంలో రెండు మూడు రోజులు బంద్ పెట్టేవాళ్ళు. ఏ రోజు బంద్ అనేది ముందే చెప్పేవాళ్ళు. చాచా ఇంట్లోనూ బీడీలు చుట్టేవాళ్ళు కాబట్టి ఆయన మాటల్లో నాకూ తెలిసేది. పై నుంచి వచ్చిన ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. 'సాధారణ పని దినం' అని ఉంది. ఎవరి పని దినమో లేదు. 'పగటి వేళ' అని ఉంది. ఎన్నింటి నుంచో లేదు. మా ఆఫీసుకు పని దినం, మా ఆఫీసు వేళలు. బుధవారం, పదిన్నర నుంచి అయిదు. తారీఖు వేసి చాచాకు చెప్పాను.

బుధవారం ఆయన బల్ల వేయించాడు. పెన్సిల్ చెక్కాడు. కూర్చునే ముందు అడిగాడు.

"హుకుం ఉంటే రాస్త సాబ్. ఒక్క సవాల్. ఇయ్యాల కార్ఖానాలు బందని మీకు ఎర్కేనా?"

"ఎర్కే," అన్నాను.

ఆయన కూర్చుని కాగితం మీద గడులు గీశాడు. మధ్యాహ్నం ఒకామె సైకిలు నడిపించుకుంటూ పోతుంటే ఆయన పెన్సిల్ కాగితం మీదికి వెళ్ళింది. నడిపించుకుపోయేవి రాయొద్దు చాచా, పాదచారుల కిందికి వస్తాయి అన్నాను. పెన్సిల్ అట్లాగే గాల్లో ఆపి నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఎన్నో ఏళ్ళుగా తెలిసిన మోరీలో కొత్త పగులు కనబడితే చూసినట్టు చూశాడు.

అయిదు గంటలకు అర పేజీ నిండింది. చెప్పొచ్చేదేమంటే, ఆ అర పేజీలో ఒక్క గీత కూడా అబద్ధం కాదు. దొంగ లెక్కలు రాసేవాళ్ళను నేను చూశాను. వాళ్ళు ఏదో ఒక రోజు దొరికిపోతారు. నాది దొరికే లెక్క కాదు. కింద రిమార్కుల గడిలో రాశాను. 'ఈ మార్గంలో సైకిళ్ళ రాకపోకలు స్వల్పం. ప్రత్యేక ట్రాక్ అవసరం కనిపించదు.' నేను సంతకం పెట్టి చాచా ముందుకు జరిపాను. ఆయన తన పేరు ఉర్దూలో పెట్టేవాడు, కుడి నుంచి ఎడమకు, ఒక్క ఊపులో. ఆ రోజు రెండుసార్లు ఆగాడు.

మొదటి ఆరు పేజీలు ఫైల్లో పెట్టలేదు. చించెయ్యనూ లేదు. సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

పది రోజుల తర్వాత కమ్యూనిటీ హాల్లో వార్డు సభ. వేదిక మీద కౌన్సిలరమ్మ, పక్కన భర్త, ఈ చివర నేను. కింద చాపల మీద ఎక్కువమంది ఆడవాళ్ళు. బీడీల చాటలు ఒళ్ళో పెట్టుకుని, వింటూనే చుడుతున్నారు. నేను లెక్క చదివాను, రిమార్కు చదివాను. చాటల మీద చేతులు ఆగలేదు. ఫిట్టర్ లేచాడు.

"ఏ దినం లెక్కవెట్టిండ్రు సారూ?"

తారీఖు చెప్పాను. బుధవారం అని కూడా చెప్పాను. చాటల మీద చేతులు అప్పుడు ఆగాయి. వాళ్ళు వేళ్ళ మీద వెనక్కి లెక్కపెట్టుకుంటున్నారని అప్పుడు నాకు తోచలేదు. ముందు వరసలో ఒక ముసలమ్మ నవ్వింది. "గా దినం ఆకే లేకపాయె బిడ్డా. మేమందరం ఇంట్ల పండుకున్నం," అంది. హాలంతా నవ్వు. తిట్టలేదు, అరవలేదు, నవ్వారంతే. చదువుకున్నవాడు తెలియక చేసిన పొరపాటు అనుకుని నవ్వారు. ఆ నవ్వులో కొంచెం జాలి కూడా ఉంది. నన్ను తిట్టినవాళ్ళ మాటలు సర్వీసులో చాలా మరిచిపోయాను. ఆ నవ్వు మరిచిపోలేదు.

కౌన్సిలరమ్మ నా వైపు తిరిగి చూసింది. ఆమెకు పొరపాటు కాదని తెలిసింది. భర్త వైపు వంగి మెల్లగా ఏదో అంది. ఆయన కూడా మెల్లగానే, నువ్వూకో అన్నాడు. ఆమె ఊరుకుంది. తీర్మానం మీద సంతకం పెట్టింది. ఆమెను నేను తప్పు పట్టలేను. నేను ఇంజనీర్ని, డిగ్రీ ఉన్నవాణ్ణి, పర్మినెంట్ ఉద్యోగిని. ఊకున్నవాళ్ళలో అందరికంటే ధీమా ఉన్నవాణ్ణి నేనే.

బయటికి వస్తుంటే ఫిట్టర్ సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. తప్పించుకుని పోదామనుకున్నాను గానీ బస్టాండు అటే.

"మా ఫ్యాక్టరీల బాయిలర్ మీద మీటరుంటుండె సారూ," అన్నాడు. "మీటరు తప్పు చూపెడితే తీసి మారుస్తుంటిమి. గది చిన్న పని. నువ్వు మీటరును మంచిగనే ఉంచినవ్. ఆవిరి బంద్ చేసి, చూడుండ్రి, ముల్లు లేస్తలేదు అన్నవ్."

బస్సుకు వేళవుతున్నదని వాచీ చూసుకున్నాను. నిజంగానే చూసుకున్నాను, ఆ సంగతి కూడా రాయాలి.

ట్రాక్ పార్కు రోడ్డు మీద వేశాం. ఆకుపచ్చ రంగు, తెల్ల సైకిలు బొమ్మలు. ప్రారంభోత్సవానికి పెద్దలు తొక్కడానికి పదిహేను సైకిళ్ళు దుకాణం నుంచి ట్రాక్టర్‌లో తెప్పించాం. సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తీయలేదు, సాయంత్రం తిరిగి ఇచ్చెయ్యాలి కదా. చాచా తన సైకిలు మీద ఆ కార్యక్రమానికి వస్తే, ఫొటోల్లో పడుతుందని దూరంగా పెట్టమన్నారు. పంట వచ్చేసరికి దాని మీద వడ్లు ఆరబోసుకోవడం మొదలుపెట్టారు. వడ్లకు మటుకు అది బాగా పనికి వచ్చింది. రెండు వానాకాలాలకు రంగు పోయింది. కొన్ని నెలలకు నాకు నిజామాబాద్ బదిలీ అయింది. మామూలు బదిలీల్లోనే అయింది. కౌన్సిలర్ సాబ్ చెప్పి చేయించాడో లేదో నాకు తెలియదని ముందే రాశాను.

తర్వాతి చెరకు సీజన్‌లో కబురు తెలిసింది. ఫ్యాక్టరీ రోడ్డు మీద ఒక దుకాణం ముందు ఆగిన కారు తలుపు హఠాత్తుగా తెరుచుకుంటే చాచా దానికి తగిలి పడ్డాడు. వెనక చెరకు ట్రాలీ. డ్రైవరు బ్రేకు వేశాడు, ప్రాణం పోలేదు. తుంటి ఎముక విరిగింది. నిజామాబాద్ పెద్దాస్పత్రిలో పడుకోబెట్టారు. నేను దానిమ్మ పళ్ళు తీసుకుని వెళ్ళాను. ఎట్లా అయింది చాచా అని అడిగాను. ఆయన పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు.

"పొద్దుగాల పడితే మీ లెక్కల రాకపోతుంటి సాబ్. పదకొండింటికి పడ్డ. మీ టైంలనే."

నవ్వాడు. నేనూ నవ్వాననుకుంటాను. వెంటనే మాట మార్చి, నా పిల్లల చదువుల గురించి అడిగాడు. నన్ను బాధ పెట్టినందుకు ఆయనే ఇబ్బంది పడ్డాడు.

తర్వాత వారం ఆ మున్సిపాలిటీ నుంచి ఫోన్. నా సీట్లోకి వచ్చిన కుర్ర ఇంజనీరు. ఎవరో రిటైర్డ్ ఫిట్టరట, యాక్సిడెంట్ సంగతి రాసి మళ్ళీ ఆరడుగులు అడుగుతున్నాడు, ఫైల్లో మీ సర్వే ఉంది, అది కరెక్టేనా సార్ అని అడిగాడు. గొంతులో నిజమైన సందేహం ఉంది. నేను ఒక్క మాట చెబితే చాలు, మళ్ళీ లెక్క తీసేవాడు. ఆరు పేజీలు నా బీరువాలో ఉన్నాయి. ఫోను నుంచి బీరువాకు నాలుగడుగులు.

కరెక్టే, రికార్డులో ఉన్నది ఉన్నట్టే అన్నాను.

బుధవారం చేసిన పనికి నేను ఏదో ఒక సాకు చెప్పుకోగలను. కుటుంబం, బదిలీ, ఆ వయసు. ఆ ఫోన్‌కు ఏ సాకూ లేదు. బదిలీ అయిపోయింది. చాచా పడిపోయాడు. ఎవరూ నా ముందు కూర్చుని చాయ్ తాగడం లేదు. ఒకసారి పెట్టిన సంతకాన్ని కాపాడుకోవడం తప్ప నాకు ఇంకే లాభమూ లేదు. చిన్న ఉద్యోగులు చేసే పెద్ద తప్పులు చాలావరకు ఇట్లాంటివేనని నాకు అనిపిస్తుంది. మొదటిది ఎవరి కోసమో చేస్తాం. రెండోది మొదటిదాని కోసం చేస్తాం.

ఆ తర్వాత ఫిట్టర్ పెట్టిన ప్రతి దరఖాస్తుకూ ఆఫీసు నుంచి ఒకే జవాబు వెళ్ళింది. గతంలో జరిపిన సర్వే ప్రకారం అవసరం కనిపించలేదు. ఇంజనీర్లు మారారు, కమిషనర్లు మారారు, కౌన్సిల్ మారింది, పార్టీ కూడా మారింది. నా అర పేజీ మారలేదు. చాచా కర్ర పట్టుకుని మిగిలిన సర్వీసు ఆఫీసు గదిలో గడిపి రిటైరయ్యాడు. మళ్ళీ సైకిలెక్కలేదు. ఆయన పోయినప్పుడు నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. సైకిలు అంతకు ముందే పాత సామాన్ల వాడికి ఇచ్చేశామని ఇంట్లోవాళ్ళు చెప్పారు.

నేను రిటైరై కొన్నేళ్ళయింది. పోయిన చలికాలంలో బీరువా సర్దుతుంటే ఆరు పేజీలు దొరికాయని చెబితే అందంగా ఉంటుంది. అవి ఎక్కడున్నాయో నాకు ఎప్పుడూ తెలుసు. ఒక గురువారం వాటిని సంచిలో పెట్టుకుని మొదటి బస్సెక్కాను. కార్ఖానాలు నడిచే రోజేనని ముందే కనుక్కున్నాను.

ఫ్యాక్టరీ రోడ్డు బాగుంది. నడుమ డివైడరు, అందులో ఈత చెట్టులాంటి చెట్లు, తీగ లైట్లు. డివైడరు కోసం రోడ్డు రెండు పక్కలా ఇంకొంచెం సన్నబడింది. మెట్లు అట్లాగే ఉన్నాయి. ఎన్నికలు దగ్గర పడ్డాయేమో, ప్రతి స్తంభానికీ ఒక ఫ్లెక్సీ. హోటల్ ఉంది. ఫిట్టర్ దాని ముందు బెంచీ మీద చాయ్ తాగుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. సైకిలు పక్కనే గోడకు ఆనించి ఉంది. నన్ను గుర్తుపట్టాడు, జరిగి చోటిచ్చాడు.

ఆరు పేజీలు తీసి చేతిలో పెట్టాను. ఇవి మొదటి రోజువి, నేను దాచిపెట్టాను, బుధవారం తెలిసే ఎంచుకున్నాను, తర్వాత ఫోన్ చేసి అడిగితే కూడా అబద్ధం చెప్పాను అన్నాను. బస్సులో ఇంకా బాగా సిద్ధం చేసుకున్నాను గానీ నోటికి వచ్చింది అంతే.

"ఎర్కనే గద," అన్నాడు.

చాలాసేపు ఒక్కో పేజీ తిప్పాడు. కళ్ళద్దాలు పైకి జరుపుకుని, గీతల మీద వేలు పెట్టి మెల్లగా జరుపుతూ పోయాడు. మూడో పేజీలో ఆగి అడిగాడు.

"ఇండ్ల మా ఇంటామె గుడ ఉంటది గద సారూ. ఏది ఆమె గీత?"

నేనూ వంగి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఆమె ఇప్పుడు బీడీలు చేస్తలేదని, కండ్లు మంచిగ కనవడుతలేవని చెప్పి, పేజీలు మడిచి నాకు తిరిగి ఇచ్చాడు. నువ్వే ఉంచుకో అంటే, నేనేం జేసుకోవాలె అన్నాడు.

అప్పుడు నేను కొత్త కాగితం తీశాను. ఇంకోసారి లెక్క తీద్దామని వచ్చాను, ఈసారి సరిగ్గా తీస్తాను, కలెక్టరేట్‌లో నా చేత్తో ఇస్తాను అని చెప్పాను. ఆయన ఇంకో చాయ్ చెప్పాడు. ఆరు గంటలకు మొదలుపెట్టాను. రెండు పక్కలా నేనే చూశాను. చేయి నొప్పి పుట్టలేదు. షేర్ ఆటోలు పోతున్నాయి, వాటిలో చీర ముక్కల మూటలు ఒళ్ళో పెట్టుకుని ఆడవాళ్ళు. హమాలీలు మోటారు సైకిళ్ళ మీద, ఒక్కోదాని మీద ముగ్గురేసి. ఆడపిల్లలు స్కూలు బస్సు కోసం నిలబడ్డారు. సైకిలు కొనే వయసులో ఎవరూ ఈ రోడ్డు మీద సైకిలు కొనలేదు. దానికంతటికీ నా కాగితమే కారణమంటే అది కూడా ఒక రకం గొప్పలు చెప్పుకోవడమే అవుతుంది. కాలం మారింది. అయితే కాలం మారేటప్పుడు ఆరడుగులు ఉండి ఉంటే కొందరైనా మిగిలేవాళ్ళు. ఎంతమందో లెక్క తీయడానికి ఇప్పుడు దారి లేదు.

పది గంటలు దాటింది. అర పేజీ నిండలేదు. పని దినం, పొద్దుటి వేళ, కార్ఖానాలు తెరిచిన రోజు. అన్నీ సరిగ్గా చేసిన లెక్క. కింద రిమార్కుల గడిలో ఏం రాయాలా అని చూస్తే, అప్పటి వాక్యమే అక్షరం మార్చకుండా సరిపోతుంది. సైకిళ్ళ రాకపోకలు స్వల్పం. ఆ రోజు అబద్ధంగా రాసింది ఇన్నేళ్ళు ఫైల్లో ఉండి ఉండి నిజమై కూర్చుంది. ఆ గడిని ఖాళీగా వదిలేశాను. కలెక్టరేట్‌కు కూడా వెళ్ళలేదు.

ఫిట్టర్ లేచాడు. పంపు సెట్టు బాగుచేయడానికి ఎక్కడికో పోవాలట. సైకిలు గోడ నుంచి తీసి, హ్యాండిల్ పట్టుకుని, ఎక్కకుండానే రోడ్డు అంచున నడవడం మొదలుపెట్టాడు. ఎక్కవా అన్నాను.

"దుకాణాలు దాటినంక ఎక్కుత సారూ," అన్నాడు వెనక్కి చూడకుండా.

కార్ల పక్కగా సైకిలును నడిపించుకుంటూ ఆయన డివైడరు చివరిదాకా పోయేవరకు చూశాను. తర్వాత పెన్సిల్ తీసుకుని ఒక గీత గీశాను.